మేనమామ చెవి

మా అమ్మ పుట్టింటి వైపు ఒక మాట ఉంది. ఒకరి నొప్పికి ఇంకొకరు కన్నీళ్ళు పెట్టుకుంటే "చెవి పిల్లది, ఏడుపు మేనమామది" అంటారు. వినేవాళ్ళు అదేదో తాతల నాటి సామెత అనుకుంటారు. దానికంత వయసు లేదు, నాకంటే అయిదేళ్ళు చిన్నది. ఆ పిల్ల నేనే, ఆ మేనమామ మా మావయ్య.

మా వైపు ఆడపిల్లకి చెవులు కుట్టించేది మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి. పోగులు తేవడం ఆయన వంతు, పిల్ల తల కదలకుండా పట్టుకోవడమూ ఆయన వంతే. మామూలుగా ఏడాది నిండేలోపే ఆ పని అయిపోతుంది. నాకు మాత్రం అయిదేళ్ళు నిండేదాకా బోసి చెవులే. కారణం మావయ్య. రోజు ఖాయం చేసినప్పుడల్లా ఆయనకి ఏదో ఒక పని తగిలేది. మిరప కోతలనేవాడు, పత్తి తీతలనేవాడు, ఎడ్లకి ఒంట్లో బాగాలేదనేవాడు. ఆడపిల్లకి ఈ బోసి చెవులేమిటని మా నాయనమ్మ మా అమ్మని పొడిచింది. అమ్మ వెళ్ళి అమ్మమ్మని పొడిచింది. చివరికి ఒక రోజు అమ్మమ్మ మిరపకాయలు ఎండబోస్తున్న కల్లం దగ్గరికి వెళ్ళి, కొడుకుని రెక్క పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టింది.

అయిదేళ్ళు నిండిన పిల్లని కాబట్టి ఆ రోజు నాకు బాగా గుర్తుంది. వసారాలో పీట, పీట మీద మావయ్య, ఆయన ఒళ్ళో నేను, నా నోటి నిండా కొబ్బరీ బెల్లం. ఎదురుగా కంసాలి తాత బంగారు తీగ కొస సాన పెట్టుకుంటున్నాడు. మావయ్య రెండు చేతులతో నా చెంపలు పట్టుకున్నాడు. మిరపకాయలు పట్టిన చేతుల ఘాటు ఎన్నిసార్లు కడిగినా పోదు. నా చెంపలు రెండూ భగ్గున మండాయి. చెవి నొప్పి కంటే ఆ మంటే నాకు ఎక్కువ గుర్తు. కుడి చెవి కుట్టేసరికి నా మెడ మీద తడి తగిలింది. ఏమిటా అని తల తిప్పి చూస్తే, మావయ్య కళ్ళు గట్టిగా మూసుకుని, పెదాలు బిగబట్టి ఏడుస్తున్నాడు. సరిగ్గా అప్పుడే తాత ఎడమ చెవిలో తీగ గుచ్చాడు. ఆ కన్నం కాస్త పక్కకి పడింది, ఈ రోజుకీ నా ఎడమ కమ్మ ఒకవైపుకి ఒరిగే ఉంటుంది.

అమ్మమ్మ ఆ మాట అన్నది అప్పుడే. ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వారు. మావయ్య కండువాతో మొహం తుడుచుకుని, గేదెకి మేత వెయ్యాలని లేచి వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి మా కుటుంబంలో మావయ్యకి సూదంటే చచ్చేంత భయమని స్థిరపడిపోయింది. అందులో అబద్ధమేమీ లేదు. చేలో పాము కనపడితే పక్కకి తప్పుకుని పని చేసుకునే మనిషి, టెటనస్ ఇంజెక్షన్ అంటే ఊరు దాటి పోయేవాడు. నేను డాక్టరునై, అందులోనూ మత్తు డాక్టర్నైనప్పుడు అందరికంటే ఎక్కువ దిగులుపడింది ఆయనే. ఎంత చదివి ఏం లాభం, పోయి పోయి సూదుల్లో పడ్డావన్నాడు.

గుంటూరులో ఆపరేషన్ థియేటర్లోనే నా సగం జీవితం గడిచింది. మత్తు డాక్టరంటే మనుషుల్ని నిద్రపుచ్చే మనిషని అందరూ అనుకుంటారు. మా పనిలో సగం వాళ్ళు మెలకువగా ఉండగానే, వాళ్ళ భయంతోటి. వార్డులో బుద్ధిగా ఉన్న బీపీ పెద్ద లైటు కిందికి రాగానే లేచి కూర్చుంటుంది. దానికి మందులున్నాయి, ఇస్తాం. నేను మందు ఇచ్చి, చెవి కూడా పట్టుకుంటాను.

చెవి పైభాగంలో మూడు మూలల చిన్న గుంట ఉంటుంది. చెవి వెనక ఒక గాడి ఉంటుంది. అక్కడ వేలితో నిదానంగా నొక్కుతూ కూర్చుంటే కొంతమందికి దడ తగ్గుతుంది, దాంతో పాటు బీపీ దిగుతుంది. పద్ధతి చైనా వాళ్ళది. ఆపరేషన్‌కి కొన్నాళ్ళ ముందు నుంచే అక్కడ చిన్న గింజ పెట్టి, మీద ప్లాస్టరు ముక్క అంటించి, రోజూ నొక్కుకోమని కూడా చెప్తారు. మా సీనియర్ ఒకావిడ చేస్తుంటే చూసి నేర్చుకున్నాను. మొదట్లో నాకూ నవ్వొచ్చింది. ఇప్పుడు తోటి డాక్టర్లు నన్ను చూసి నవ్వుతారు, మేడమ్ గారు చెవులు మెలేస్తారు జాగ్రత్త అని పేషెంట్లని బెదిరిస్తారు. అది చెవిలో ఉన్న గుణమో, భయపడే మనిషిని ఇంకో మనిషి పట్టుకుని కూర్చోవడంలో ఉన్న గుణమో నాకిప్పటికీ తెలియదు. పని చేసిన రోజు సంతోషిస్తాను. చెయ్యని రోజు మందు పెంచుతాను.

అలాంటి నాకు, కిందటేడు, మావయ్య చెవి చేతికొచ్చింది.

ఆయనకి హెర్నియా. జీవితమంతా మిరప బస్తాలు ఎత్తిన ఒళ్ళు, పొత్తికడుపు పక్కన పేగు జారింది. నిమ్మకాయంత ఉబ్బుని చాలాకాలం పంచె కింద దాచాడు. అత్త కనిపెట్టి అడిగితే గాలి చేరిందని చెప్పాడు. కోతల మధ్యలో ఒక రోజు ఆ పేగు ఇరుక్కుపోయి, వాంతులై, మెలికలు తిరిగిపోతుంటే ఒంగోలు తీసుకుపోయారు. అక్కడి డాక్టరు చేత్తో నెడితే అదృష్టం కొద్దీ లోపలికి వెళ్ళింది. ఇంకోసారి ఇరుక్కుంటే పేగు కుళ్ళుతుంది, మనిషి దక్కడు, ఆపరేషన్ చేయించుకోవాల్సిందేనని ఆయన గట్టిగా చెప్పాడు. ఆపరేషన్ బల్ల కూడా ఎక్కించారు. ఎక్కగానే బీపీ ఎంత లేచిందంటే, వెంటనే దింపేసి, రోజూ వేసుకోమని బీపీ మాత్ర రాసిచ్చారు. మావయ్య ఇంటికొచ్చి, బీపీ నన్ను కాపాడిందని ఊరంతా చెప్పుకున్నాడు. మళ్ళీ రమ్మన్నప్పుడల్లా నాకు చిన్నప్పటినుంచి తెలిసిన పాటే. కోతలు, తీతలు, గేదె ఈనేలా ఉంది. ఇంట్లో ఎడ్లు పోయి ట్రాక్టరు వచ్చింది గానీ సాకులు మాత్రం అవే.

అత్త ఫోన్ చేసి, మీ మావయ్యని నీ చేతుల్లో పెడుతున్నాను, తిడతావో కొడతావో నీ ఇష్టమంది. ఆ ఆదివారమే ఊరికి బయల్దేరాను.

మావయ్య కల్లంలోనే ఉన్నాడు. ఎర్రటి కాయల మధ్య కూర్చుని తాలు కాయలు ఏరుతున్న ఆడవాళ్ళకి కబుర్లు చెప్తున్నాడు. కూర్చోబెట్టి అన్ని విధాలా చెప్పాను. చాలాసేపు బేరమాడి, మత్తు నువ్వే ఇస్తే వస్తానన్నాడు. సొంత మనుషులకి నేను మత్తు ఇవ్వను. వాళ్ళ వెన్నులో సూది గుచ్చేటప్పుడు నా చెయ్యి నా మాట వినదు. తోటి డాక్టరు ఇస్తాడు, నేను పక్కనే కూర్చుని నీ చెవి పట్టుకుంటానని చెప్పాను. మావయ్య నా వైపు అనుమానంగా చూశాడు, నేను హాస్యమాడుతున్నాననుకున్నాడు.

ఆవగింజల కోసం అత్తని అడిగి పోపులపెట్టె తెప్పించాను. ఇంటి నిండా మిరప గింజలుంటే ఆవగింజలెందుకని అత్త నిజంగానే అడిగింది. మిరప గింజ పెడితే బీపీ సంగతేమో గానీ మనిషి ఊళ్ళో నిలవడని చెప్పాను. రెండు చెవుల్లో ఒక్కో ఆవగింజ పెట్టి ప్లాస్టరు అంటించి, పూటపూటా ఎలా నొక్కుకోవాలో చూపించాను. ఇది బీపీని దించుతుందన్నాను. ఆ ముక్క అక్కడితో ఆపడమే పొరపాటని నాకు తర్వాత తెలిసింది. ఊళ్ళో వాళ్ళు మావయ్యని, ఏం బావా ఆవాలు మొలకెత్తాయా అని ఏడిపించేవాళ్ళట. అత్త దగ్గరుండి నొక్కించేది. ఫోన్ చేసినప్పుడల్లా అన్నీ సవ్యంగా జరుగుతున్నాయనే కబురు.

అనుకున్న రోజు పొద్దున గుంటూరు వచ్చారు. వార్డులోనే బీపీ చూశాను. ఇంకా బల్ల ఎక్కలేదు, లైటు చూడలేదు, అయినా ఒంగోలులో ఉన్న దానికంటే ఎక్కువుంది. మాత్ర వేసుకున్నావా అని అడిగాను. అత్త నేల చూపులు చూసింది. గింజ పెట్టిన రోజే మాత్ర ఆపేశానన్నాడు మావయ్య. మొహంలో తప్పు చేసిన వాలకం ఎక్కడా లేదు.

"ఎందుకాపావు?"

"రెండు మందులు కలిపి కొడితే పైరు మాడిపోద్ది గదమ్మా."

నాకు ఒళ్ళు మండిపోయింది. పేగు కుళ్ళి చస్తావా అని వార్డంతా వినపడేలా అరిచాను. పక్క మంచం ఆయన లేచి కూర్చున్నాడు. మావయ్య మాత్రం చెక్కుచెదరకుండా, నాకు చదువు చెప్తున్నట్టు చెప్పుకొచ్చాడు. పక్క చేను వాడు తామర పురుగుకి ఒక మందు, ఇంకో దానికి ఇంకో మందు ఒకే ట్యాంకులో కలిపి కొడితే మూడో రోజుకి ఆకంతా ముడుచుకుపోయింది. ఒక మందు కొట్టి, దాని పని చూసి, అప్పుడే రెండోది ముట్టుకోవాలి. మాత్రా బీపీ దించేదే, గింజా బీపీ దించేదే. రెండూ కలిస్తే బీపీ అడుగంటి మనిషి చల్లబడిపోడా? అందుకని నా మీద గౌరవంతో మాత్ర ఆపి, గింజకి అవకాశమిచ్చాడట. వింటుంటే నా కోపంలోకి నవ్వు దూరింది. ఇన్నేళ్ళ వ్యవసాయంలో పైరుని బతికించిన లెక్కే తన ఒంటికీ వేసుకున్నాడు.

సరే, ఆయన భాషలోనే చెప్పాను. మందు ఆకుకి అంటుకుని నిలవడానికి ట్యాంకులో జిగురు కలుపుతావే, ఈ గింజ ఆ జిగురు లాంటిది. జిగురొక్కటే కొడితే పురుగు చస్తుందా? ఆ ముక్క ముందే చెప్పొచ్చు గదా అన్నాడు మావయ్య.

ఆపరేషన్ వాయిదా పడింది. ఇద్దర్నీ ఊరికి పోనివ్వకుండా మా ఇంట్లోనే పెట్టుకున్నాను. పొద్దున్నే మాత్ర నా చేత్తో ఇచ్చి, మింగేదాకా ఎదురుగా నిలబడేదాన్ని. బీపీ మెల్లగా దారికొచ్చింది. ఈలోగా ఒక రోజు ఉబ్బు రాయిలా గట్టిపడింది. మావయ్య మంచం మీద ముడుచుకుపోయి, చెమటలు పట్టి, మాట రాక నా చెయ్యి పట్టుకున్నాడు. వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళు ఎత్తి పెట్టి, ఆసుపత్రికి కారు తియ్యమనేలోపు దానంతటదే లోపలికి జారింది. అత్త వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. నాకు మాత్రం భయంతో ఏడుపు కూడా రాలేదు. ఇక ఆగడానికి లేదని ఇంట్లో అందరికీ అర్థమైంది, ఆయనతో సహా.

ఆపరేషన్ రోజు బల్ల దాకా బాగానే నడిచొచ్చాడు. పడుకోబెట్టి పైన లైటు వెయ్యగానే బీపీ లేచింది. పై అంకె రెండొందల దరిదాపుల్లోకి పోయింది. తోటి డాక్టరు నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు, ఎంతోమంది విషయంలో నేనే అలా చూశాను. కాసేపట్లో దిగకపోతే దింపెయ్యాలి. ఇప్పుడు దింపితే మావయ్య జన్మలో మళ్ళీ బల్ల ఎక్కడు. ఈసారి పేగు ఇరుక్కునేది నా ఇంట్లో కాదు, ఆసుపత్రికి అంత దూరాన, చేలో.

తోటి డాక్టరు మావయ్య చేతి నరంలోకి కొద్దిగా మందు ఇచ్చాడు. నేను స్టూలు లాక్కుని మావయ్య తల దగ్గర కూర్చుని, రెండు చెవులూ చేతుల్లోకి తీసుకున్నాను. ఎండకి కమిలిపోయిన పెద్ద చెవులు. అంచుల మీద తెల్లటి వెంట్రుకలు. ఇన్నేళ్ళలో ఆయన చెవుల్ని నేనెప్పుడూ సరిగా చూడలేదు. పైన గుంటలో చూపుడు వేళ్ళు, వెనక గాడిలో బొటన వేళ్ళు పెట్టి నిదానంగా నొక్కడం మొదలుపెట్టాను. ఊపిరి మెల్లగా వదలమన్నాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. పెదాలు బిగబట్టాడు. ఆ మొహం నేను వసారాలో చూసిన మొహమే.

అంకె వెంటనే దిగలేదు. ఇంకాస్త పైకే పోయింది. నా వేళ్ళు నొప్పి పుట్టాయి. మందు పని చేసిందో, చెవి పని చేసిందో, ఆయనే నా మీద జాలిపడ్డాడో గానీ, కాసేపటికి మెల్లగా వాలడం మొదలైంది. నూట అరవై దగ్గరికి వచ్చాక తోటి డాక్టరు తలూపాడు.

వెన్నులో మత్తు ఇచ్చేటప్పుడు మనిషిని లేపి కూర్చోబెట్టి, ముందుకి వంచి పట్టుకోవాలి. మామూలుగా ఆ పని నర్సు చేస్తుంది. ఆ రోజు నేనే ఎదురుగా నిలబడ్డాను. మావయ్య నుదురు నా భుజానికి ఆనించుకుని, చెవులు మాత్రం వదలకుండా పట్టుకున్నాను. వెనక తోటి డాక్టరు వీపు మీద స్పిరిట్ తుడుస్తున్నాడు. ఆ చల్లదనానికి మావయ్య ఒకసారి ఉలిక్కిపడ్డాడు. తర్వాత నా భుజంలోకి, నాకొక్కదానికే వినపడేలా మాట్లాడాడు.

"అమ్మాయ్, ఆ రోజు నీ చెంపలు మండినయ్యా?"

ఏ రోజని నేను అడగలేదు.

"లేదు మావయ్యా."

"మండుంటయ్యి. మా అమ్మ కల్లం కాడ నించి అట్టాగే లాక్కొచ్చింది. నిమ్మచెక్క రుద్దినా ఘాటు పోలా. నా చేతులు నిన్ను మండిస్తన్నయ్యని తెలుస్తానే ఉంది. వదిలితే సూది తప్పుద్ది. వదల్లేకపోయా."

సూదంటే ఆయనకి భయం నిజమే. అయిదేళ్ళు తప్పించుకు తిరిగింది ఆ భయంతోనే. కానీ ఆ ఏడుపు దానికి కాదు. ఇన్నేళ్ళు ప్రతి పెళ్ళిలో, ప్రతి పేరంటంలో ఆ మాట చెప్పుకుని మేమంతా నవ్వాం, ఆయన ఒక్కసారి కూడా అసలు సంగతి చెప్పకుండా మమ్మల్ని నవ్వనిచ్చాడు.

తోటి డాక్టరు సూది అందుకుని నాకు సైగ చేశాడు. మావయ్య కదలకూడదు. చెవులు ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు మాస్కు మీంచి జారి ఆయన చెవి మీద పడ్డాయి. తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

సూది లోపలికి వెళ్ళింది. మావయ్య కదల్లేదు. అంకె కూడా కదల్లేదు.

మళ్ళీ పడుకోబెట్టారు. సర్జన్ వచ్చి పని మొదలుపెట్టాడు. నడుము కింద ఏమీ తెలియకుండా, మెలకువగా, కళ్ళు మూసుకుని పడుకున్నాడు మావయ్య. ఆపరేషన్ సాగినంతసేపూ నేను ఆయన తల దగ్గరే కూర్చున్నాను. బీపీ మళ్ళీ పైకి లేవలేదు. పేగు చోటు పేగుకి చూపించి, కుట్లు వేసి, అయిపోయిందన్నాడు సర్జన్. తోటి డాక్టరు, మేడమ్, ఇంక వదలొచ్చండి అన్నాడు. నా వేళ్ళు అక్కడే ఉన్నాయి.

మావయ్య కళ్ళు తెరిచి, తలకిందులుగా నా మొహం చూశాడు.

"చెవంతా తడిపావు. వదిలి కళ్ళు తుడుచుకో అమ్మాయ్. ఇంక నేనెక్కడికీ పోను."